పాత వెండి రూపాయి: తూకానికా, ముఖానికా?
మచ్చ లేని నాణెం దొరకడం కష్టం - హాలీ, కల్దార్ లెక్కలు వేరు - కరిగించే ముందు సంవత్సరం చూడాలి

సికింద్రాబాద్: వెండి తేజీ అయినప్పుడల్లా ఇళ్ళలో దాచిన పాత రూపాయలు బజారు ముఖం చూస్తాయి. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరుల కొనుగోళ్ళ వేడికి ఔన్సు వెండి 50 డాలర్ల దాకా పోయింది. మార్చి 27న ఒక్కసారిగా కూలిపోయింది. ఆనాటి గరిష్ఠ ధారణను వెండి దాటింది మళ్ళీ 2025 అక్టోబరులోనే. ఇలాంటి రోజుల్లో పాత రూపాయికి ఇద్దరు గిరాకీదారులు వుంటారు. ఒకరు కొలిమి వేసే షరాబు. రెండవవారు నాణేలు సేకరించే ఆసామి. మొదటివారికి కావలసింది తూకం. రెండవవారికి కావలసింది ముఖం. ఈ తేడా తెలియక నష్టపోతున్నది అమ్మేవారు మాత్రమే కాదు, కొనే వర్తకులు కూడా.

మారేడ్‌పల్లి పాత ఇళ్ళ సంగతే తీసుకోవచ్చు. పెంకుటిళ్ళు, బంగళాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు బీరువాలు, భోషాణాలు ఖాళీ చేస్తారు. అడుగున ఒక రేకు డబ్బా బయటపడుతుంది. అందులో ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు. ఇంటి పెద్దావిడ వాటిని మూటకట్టి జనరల్ బజారుకో, పాట్ మార్కెట్‌కో తెస్తుంది. "అన్నీ పాత రాజుల వెండి రూపాయలే నాయనా, తూకం వేసి చెప్పు" అంటుంది. అన్నీ పాతవే, అన్నీ వెండివే. కాని అన్నీ ఒక వెండి కావు, ఒక ధరా కాదు.

ఒకే డబ్బాలో రెండు సర్కార్లు

సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో వెలిసింది. మూడవ నిజాం సికందర్ జా పేరు దానికి వచ్చింది. అందువల్ల ఈ పరిసరాల్లో రెండు రకాల రూపాయలు చేతులు మారాయి. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రం మీద అచ్చయింది కనుక ఆ పేరు. నిజాం ప్రభుత్వపు రూపాయి హాలీ సిక్కా, అంటే ప్రస్తుతం చెల్లే నాణెం. కంటోన్మెంటులో జీతం కల్దార్‌లో అందుకుని, హైదరాబాద్ నగరంలో సరుకు హాలీలో కొన్న కుటుంబాల డబ్బాల్లో రెండూ కలిసే వుంటాయి.

ఈ రెంటికీ మారకం 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. ఈ లెక్క గాలిలోంచి వచ్చింది కాదని వెండి తూచి చూస్తే తెలుస్తుంది.

1835 నుంచి 1939 దాకా కల్దార్ రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. సరిగ్గా ఒక తులం. టంచు నూటికి 91.7. అందులో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. హాలీ రూపాయి తూకం 11.18 గ్రాములు. టంచు 81.8. అందులో వెండి 9.14 గ్రాములు. ఆరు కల్దార్లలోని వెండి 64.1 గ్రాములు. ఏడు హాలీలలోని వెండి 64 గ్రాములు. మారకపు రేటుకూ వెండి లెక్కకూ తేడా వెంట్రుకవాసి.

మూడవ రకం వుంది. తరచు మోసపోయేది దానితోనే. రెండవ ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1940 నుంచి బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 50 పాళ్ళు వెండి, 40 పాళ్ళు రాగి, చెరి 5 పాళ్ళు నికెల్, జింకు. తూకం మాత్రం అదే తులం. లోపలి వెండి 5.83 గ్రాములే. ఈ రూపాయల అంచు మీద గీతల నడుమ చుట్టూ ఒక గాడి వుంటుంది. దొంగ నాణేలను అరికట్టడానికి పెట్టిన గుర్తు అది. 1945 దాకా ఇవే. 1947 సంవత్సరపు రూపాయల్లో వెండి అసలే లేదు, అవి నికెల్ బిళ్ళలు. అయస్కాంతానికి అంటుకుంటాయి.

కలిపి తూస్తే ఎంత నష్టం?

ఒక డబ్బాలో 20 రూపాయలు వున్నాయనుకుందాం. 12 పాత కల్దార్లు, 6 హాలీలు, 2 యుద్ధకాలపు రూపాయలు. మొత్తం తూకం 230.3 గ్రాములు. అన్నిటినీ 91.7 టంచుగా కడితే వెండి 211 గ్రాములు వస్తుంది. విడివిడిగా కడితే వచ్చేది 194.8 గ్రాములే. తేడా 16 గ్రాముల పైచిలుకు. లెక్క సులువుకు గ్రాము నూరు రూపాయలనుకున్నా వర్తకుడికి ఒక్క డబ్బా మీద 1,600 రూపాయల పైన చేతి నష్టం. కరిగింపులో పోయే తరుగు దీనికి అదనం. అందరినీ హాలీ కింద కట్టేస్తే నష్టం పెద్దావిడది. కనుక తూకానికి కొనేవారు కూడా ముందు మూడు కుప్పలు పోయాలి, తర్వాతే తక్కెడ ఎత్తాలి.

ఇది తూకం బేరం. ఈ ఇరవైలో ఒకటి రెండు నాణేలు సేకరణకు పనికివచ్చేవి అయితే అసలు లాభం అక్కడ వుంటుంది. కాని ఆ ఒకటి రెండింటికి ఒకే షరతు. మచ్చ వుండకూడదు.

మచ్చ అంటే ఏమిటి?

అరుగుదల మచ్చ కాదు. రూపాయి పది చేతులు మారడానికే పుట్టింది. రాణి చెంప, చార్మినార్ మెట్లు కొంత అరిగినా అది నిజాయితీ గల అరుగుదల. ధర ఆ మేరకు తగ్గుతుంది, అంతే. మచ్చ అంటే టంకసాల దాటాక మనిషి చేతితో జరిగిన చెరుపు. మన ప్రాంతంలో అది ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తుంది.

మొదటిది చింతపండు. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే రూపాయిని, దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే రూపాయిని ఏటా చింతపండుతో, ముగ్గుపిండితో తోమి తళతళలాడించడం ఇంటి ఆచారం. భక్తికి తప్పులేదు. కాని పిండి రాపిడికి సన్నని గీతలు పడతాయి. టంకసాల మెరుపు పోయి గిన్నె మెరుపు వస్తుంది. ఏ ఇంట్లో రూపాయిని ఎక్కువ భక్తిగా చూసుకున్నారో ఆ ఇంటి రూపాయే సేకరణకు ఎక్కువ చెడిపోవడం విచిత్రం.

రెండవది టంకం. రూపాయలకు చెవులు అతికి దండలుగా గుచ్చడం, తూటు వేసి మొలతాడుకు కట్టడం పాత అలవాటు. లంబాడీ స్త్రీల నగలలో రూపాయి, అర్ధరూపాయి బిళ్ళలు కనిపిస్తాయి. చెవి పీకేసి అంచు ఆకురాయితో సరిచేసినా టంకం ఆనవాలు అంచు మీద రంగు తేడాగా నిలిచిపోతుంది. తూటును వెండితో పూడ్చినా ఆ చోట గీతలు, అక్షరాలు అతకవు. అలాంటి దండను విడదీయకుండా నగగా అమ్మడమే మేలు. దండగా దానికో విలువ వుంది. పీకిన బిళ్ళకు కొలిమి ధరే.

మూడవది షరాబు ముద్ర. పూర్వం షరాబులు వెండి మంచిచెడ్డలు చూడడానికి నాణెం మీద చిన్న గంటు పెట్టేవారు, గుర్తు కొట్టేవారు. చరిత్ర కోసం వాటిని కోరి కొనేవారు కొందరు లేకపోలేదు. కాని మచ్చ లేని నాణెం కావాలన్న ఆసామి వాటిని తీసుకోడు. ఈనాటికీ అంచును గీటురాయి మీద రుద్ది టంచు చూసే దుకాణాలు కొత్త మచ్చలు పెడుతున్నట్లే లెక్క.

నాలుగవది మెరుగు. అమ్మకం కోసం యంత్రపు కుంచెతో మెరుగు పెట్టడం, మందులో ముంచి నలుపు తీయడం, తీసిన నలుపును మళ్ళీ గంధకపు పొగతో తెప్పించడం ఈ కోవలోవి. ఇది తెలిసి చేసే చెరుపు.

బల్ల మీద ఐదు నిమిషాలు

అసలు మెరుపును గుర్తించడానికి ఖర్చు లేదు. ఒక్క దీపం కింద నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా వాల్చి తిప్పాలి. టంకసాల మెరుపు వున్న నాణెం మీద వెలుగు పట్టెలుగా గిర్రున తిరుగుతుంది. తోమిన నాణెం మీద వెలుగు కదలదు, ముఖమంతా ఒకే మాదిరి జిగేలుమంటుంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే తోముడు గీతలు ఒకే దిక్కుగా, అక్షరాల గోడలకు తగిలి ఆగుతాయి. వాడుకలో పడిన గీతలు నానా దిక్కులకు వుంటాయి.

సహజంగా పట్టిన నలుపు అక్షరాల సందుల్లో చిక్కగా, ఎత్తు ప్రదేశాల్లో పలచగా వుంటుంది. గాలిలోని గంధకం వల్ల ఏళ్ళ తరబడి పట్టేది అది. దాన్ని చూసి బేరం తగ్గించడం పొరపాటు. నల్లని రూపాయి చాలాసార్లు తెల్లని రూపాయి కంటె ఆరోగ్యంగా వుంటుంది. నలుపు తీయమని కంసాలికి ఇచ్చిన క్షణం నుంచి అది మచ్చ నాణెమే.

తూకంలో నూరో వంతు గ్రాము చూపే తక్కెడ వుండాలి. పాత కల్దార్ అరిగితే 11.66 కంటె తగ్గవచ్చు. చెప్పుకోదగ్గంత పెరగకూడదు. ముఖం కొత్తగా వుండి తూకం బాగా తగ్గితే అనుమానించాలి. అయితే కల్దార్ తూకంతో హాలీని పోల్చి దొంగదని తోసివేయరాదు. దాని పుట్టు తూకమే 11.18.

గీటురాయి తగలకుండా టంచు తెలుసుకునే మార్గం నీళ్ళ పరీక్ష. తక్కెడ మీద గ్లాసెడు నీళ్ళు పెట్టి అంకెను సున్నా చేయాలి. రూపాయిని సన్నని దారానికి కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయాలి. పాత కల్దార్‌కు తక్కెడ సుమారు 1.13 గ్రాములు చూపుతుంది. హాలీకి సుమారు 1.10. యుద్ధకాలపు సగం వెండి రూపాయికి 1.22. అదే తులం తూకంలో ఇత్తడి మీద వెండిపూత పూసిన బిళ్ళ అయితే 1.35 దాటుతుంది. తర్వాత నాణేన్ని తుడిచి రుద్దకూడదు. మెత్తని బట్ట మీద వుంచి ఆరనివ్వాలి.

చార్మినార్ రూపాయి ఆనవాళ్ళు

హాలీలో సేకరణకారులు ఎక్కువగా అడిగేది చార్మినార్ బొమ్మ రూపాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో హిజ్రీ 1321 ప్రాంతాన, అంటే 1903-04లో, ఇది వచ్చింది. చార్మినార్ గుమ్మంలో ఒక అరబ్బీ అక్షరం వుంటుంది. 'మీమ్' వుంటే మహబూబ్ అలీఖాన్ నాణెం. 'ఐన్' వుంటే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాణెం. ఉస్మాన్ తొలి నాణేల్లో ఐన్ పొట్టిగా, సగం వుంటుంది. తర్వాతి వాటిలో నిండుగా వుంటుంది. పొట్టి ఐన్‌ను వేరుగా ఎంచి అడిగేవారున్నారు. కనుక భూతద్దం ముందు గుమ్మం మీదనే పెట్టాలి.

చార్మినార్ వైపు హిజ్రీ సంవత్సరం, రెండవ వైపు పాలన ఏడాది, అంటే జులూస్, ఉర్దూ అంకెల్లో వుంటాయి. పైన కనిపించే 92 సంవత్సరం కాదు. ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువల మొత్తం అది. హిజ్రీని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చడానికి 0.97తో హెచ్చించి 622 కలపాలి. 1330 అయితే 1912.

ఇక్కడ ఒక సులువైన తనిఖీ వుంది. ఉస్మాన్ అలీఖాన్ గద్దె ఎక్కింది 1911 ఆగస్టులో, హిజ్రీ 1329లో. కనుక హిజ్రీ 1331 నాణెం మీద జులూస్ 2 గాని 3 గాని వుండాలి. 1337 మీద 8 గాని 9 గాని వుండాలి. రెండు అంకెలు పొసగకపోతే డబ్బు ఇచ్చే ముందు మరొకరికి చూపించాలి.

దొంగ సరుకు

అరుదైన సంవత్సరం మీదనే దొంగ చేయి పడుతుంది. ఆరవ జార్జి 1939 బొంబాయి రూపాయి పాత టంచులో చివరిది, చాలా అరుదు. కనుక దానికి నకళ్ళు ఎక్కువ. 1938 నాణెంలో చివరి అంకె చెక్కి 9 చేసినవీ వుండవచ్చు. ఆ అంకె చుట్టూ నేల గరుకుగా వుంటే చేయి పడినట్లే.

1911 రూపాయి కథ వేరు. ఐదవ జార్జి వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తున్నదని ఆనాడు గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం నాణేలను వెనక్కి తీసుకున్నది. 1912 నుంచి తొండం స్పష్టంగా చెక్కించింది. ఆ కథ చెప్పి మచ్చ నాణేనికి మంచి నాణెం ధర లాగే అమ్మకందారులు వున్నారు. కథ నాణేనిది, మచ్చ కూడా నాణేనిదే.

విక్టోరియా, జార్జి బొమ్మలతో పూజ కోసం దుకాణాల్లో కొత్తగా పోసే బిళ్ళలు మరొక తలనొప్పి. అవి వెండివే కావచ్చు. టంకసాల నాణేలు మాత్రం కావు. అచ్చులో పోసిన నకలుకు అక్షరాల అంచులు మొద్దుబారి వుంటాయి. నేల మీద సూదిమొన బుడగలు, అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తాయి. మంచి నమూనాలతో కన్ను అలవాటు చేసుకోవాలనుకునే వర్తకులు పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియాన్ని, 2022లో ప్రారంభమైన సైఫాబాద్ టంకసాల మ్యూజియాన్ని చూడవచ్చు.

డాలర్లు కరిగిన కథ

మచ్చ లేని నాణెం కోసం తిరగడం మన దగ్గరి బాధే కాదు. అమెరికాలో పాత వెండి డాలర్ కోసం సేకరణకారులు ఇలాగే తిరుగుతారు. తూకం 26.73 గ్రాములు, టంచు 90. దాని కొరతకు మన రూపాయికి సంబంధం వుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో వెండి రూపాయలకు విపరీతమైన కరువు వచ్చింది. 1917 నవంబరు 30న ప్రభుత్వం ఒక రూపాయి నోటు విడుదల చేయవలసి వచ్చింది. బ్రిటన్ అమెరికాను వెండి అడిగింది. 1918 ఏప్రిల్‌లో వచ్చిన పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో సుమారు 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండిని ఔన్సు ఒక డాలర్ చొప్పున ఇండియా అవసరాలకు బ్రిటన్‌కు అమ్మింది. 1918-20 నాటి ఐదవ జార్జి రూపాయి చేతిలో వుంటే అందులో కరిగిన డాలర్ కొంత వుండే అవకాశం వుంది.

కరిగించినప్పుడు ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని అని ఎవరూ లెక్క రాయలేదు. అందువల్ల ఏ సంవత్సరం ఎంత మిగిలిందో టంకసాల పుస్తకాలు చూసి చెప్పడం సాధ్యం కాకుండా పోయింది. ఈనాడు దుకాణం వెనక కొలిమిలోకి పోతున్న హాలీ, కల్దార్ రూపాయల సంగతీ అదే. ఏ సంవత్సరం పోతున్నదో చూసేవారు లేరు. నలభై ఏళ్ళు తోమకుండా డబ్బా అడుగున పడివున్న మంచి నాణెం, చెవి పీకిన బిళ్ళతో కలిసి ఒకే మూసలో కరుగుతుంది. వెండి గని నుంచి మళ్ళీ వస్తుంది. పొట్టి ఐన్ రూపాయి మళ్ళీ రాదు.

అమెరికాలో 1986, 1987 సంవత్సరాల్లో నాణేలకు తరగతి నిర్ణయించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే కంపెనీలు మొదలైనాయి. తోమిన, టంకం పడిన నాణేలకు అవి మామూలు తరగతి అంకె ఇవ్వకుండా లోపాన్ని రాసి ఇస్తాయి. మన రూపాయలు కూడా ఆ పెట్టెల్లో అమ్మకానికి వస్తున్నాయి. పెట్టె చూసి మురిసిపోకుండా చీటీ మీది మాట పూర్తిగా చదవాలి.

చట్టం, నిలవ

1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి వచ్చింది. నూరేళ్ళు దాటిన నాణెం ఈ చట్టం ప్రకారం పురావస్తువు. వాటి అమ్మకాన్ని వ్యాపారంగా నడపడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం నేరం. నూరేళ్ళ గీత ఏటా ముందుకు జరుగుతుంది. విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నీ ఎప్పుడో దాటాయి. అమెరికాలోని అబ్బాయికి తాతగారి రూపాయి పార్సెలులో పంపుదామనుకునే మారేడ్‌పల్లి కుటుంబాలు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పునాది తవ్వకంలో భూమిలోంచి బయటపడిన నాణేల సంగతి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. అలాంటి సరుకు బేరానికి వస్తే ముట్టుకోకపోవడం క్షేమం.

కొన్న నాణెం దుకాణంలో కూడా పాడవుతుంది. మెత్తని పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి వుంచితే పచ్చని జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండులోని గంధకం నల్లని గీత వేస్తుంది. వేలిముద్ర చెమట శాశ్వతంగా నిలుస్తుంది. నాణేన్ని అంచులతోనే పట్టాలి. ఒక్కొక్కదాన్ని విడిగా, పీవీసీ కాని కవరులో తడి తగలకుండా వుంచాలి.

మొత్తం మీద వర్తకుడికి గాని, ఇంటివారికి గాని పాటించదగిన వరుస ఒకటే. డబ్బా తెరిచిన వెంటనే తోమకూడదు. ముందు హాలీ, పాత కల్దార్, యుద్ధకాలపు రూపాయి అని మూడు కుప్పలు చేయాలి. తర్వాత సంవత్సరాలు కాగితం మీద రాసుకోవాలి. చెవులు, తూటులు, తోముడు వున్నవాటిని పక్కన పెట్టి వాటికి వెండి ధారణ కట్టాలి. మిగిలిన రెండు మూడింటిని మరొక రోజు పగటి వెలుతురులో చూసి, వేరే బేరం పెట్టాలి. ఆ రెండు మూడింటిలో ఏదీ నిలవకపోతే వెండి ధర ఎలాగూ వుంటుంది. కొలిమి ఒకరోజు ఆలస్యమైనంత మాత్రాన వెండి బరువు తగ్గదు.